డ్రైవరుగారి పక్కచూపు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద సర్జన్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పయ్యొక్క ఏళ్లు నా చాదస్తాన్ని భరించిన నర్సులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మావారికి నమస్కారం.

ఇందాకటి నుంచి ఒకరి తర్వాత ఒకరు నన్ను ఆకాశానికెత్తేస్తుంటే, వీళ్లంతా నాచేత ఏ కాగితం మీద సంతకం పెట్టించుకోబోతున్నారా అని అనుమానం వచ్చింది. (నవ్వులు) నా వెనక నన్ను 'అనుమానాలమ్మ' అంటారని తెలుసు. మందుల కౌంటరాయనా, తల దించుకోనక్కర్లేదు, ఆ పేరు పెట్టింది మీరేనని ఎప్పుడో కనిపెట్టాను.

మెదడులో గడ్డ తీసేశాక, రోగికి ఎదుటిచూపే కాక పక్కచూపు కూడా ఎంత మేర ఉందో కొలవడం నా పని. రోగి యంత్రంలో నడిమి చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మినుక్కుమన్నా మీట నొక్కాలి.

ఎనిమిదేళ్ల కిందట ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఆపరేషనై ఆరు వారాలు. గోడ మీది అక్షరాలు ఆఖరి వరుసదాకా గడగడా చదివేసి, "చూపు బ్రహ్మాండం మేడమ్. సంతకం పెట్టేస్తే సోమవారం డ్యూటీ ఎక్కేస్తా" అన్నాడు. అయితే లోపలికి వస్తూ కుడి భుజం తలుపుకి కొట్టుకున్నాడు. నా మనసులో పురుగు తొలవడం మొదలైంది. యంత్రం దగ్గర చూస్తే, పాటకి తాళం వేసినట్టు టకటకా మీట నొక్కుతున్నాడు. నేను వెలుగులు రాకుండా ఆపేశాను. ఆయన నొక్కుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా, వెలుగు ఆగిపోయి నిమిషమైంది. దేన్ని చూసి నొక్కుతున్నారు?"

మీట మీంచి వేలు తీశాడు. "వారం నుంచి కుడిపక్క మసకేస్తోంది. మా ఆవిడకి చెప్పకండి. బండి దింపేస్తే నేనిక దేనికి పనికొస్తాను?" అన్నాడు.

పెద్ద సర్జన్ గారి దగ్గరికి పరిగెత్తాను. "పోయిన నెల స్కాన్ బాగానే వచ్చింది. నీ అనుమానానికి మందు లేదమ్మా" అన్నారు. మీరు మరిచిపోయి ఉంటారు సార్, నేను మరిచిపోలేదు. (నవ్వులు) ఆయన విసుగెత్తి మళ్లీ స్కాన్ రాసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తీరా చూస్తే, ఆపరేషన్ చేసిన చోట నీటితిత్తి ఏర్పడి, చూపు నరాల దారిని నొక్కుతోంది. మర్నాడే మళ్లీ ఆపరేషన్ చేశారు. పోయిన చూపులో సగం తిరిగొచ్చింది.

బస్సు మాత్రం తిరిగి రాలేదు. నేను సంతకం పెట్టలేదు. "నా పొట్ట కొట్టావు" అని వార్డంతా వినేలా అరిచాడు. తర్వాత డిపోలో బస్సుల వేళలు రాసే పనిలో చేరాడు. ఏటా పరీక్షకు వస్తాడు, నాతో పలకడు.

ఆ రోజు అంత మొండికెందుకు వేశానో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. (ఆగి) అంతకు ఏడాది ముందు ఒక టీచరమ్మ నవ్వుతూ "బాగానే ఉందమ్మా" అంటే నమ్మేశాను. ఇంకోసారి పరీక్షించలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ ఎడమపక్క చూపంతా పోయింది. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అరిచిన మనిషిని తట్టుకున్నాను గానీ ఆ నవ్వును తట్టుకోలేకపోయాను.

ఈ ఉదయం నా ఆఖరి పరీక్ష ఆ డ్రైవరుగారిదే. చూపు నిలకడగా ఉంది. చొక్కా సర్దుకుంటూ, ఎనిమిదేళ్లలో మొదటిసారి నోరు విప్పాడు.

"రేపట్నుంచి ఇక్కడ కూర్చునేవాళ్లు మా మాట నమ్మేస్తారా?"

"నమ్మొద్దని గట్టిగా చెప్పే పోతున్నాను."

"అయితే వచ్చే ఏడూ వస్తా."

నన్ను ఇన్నాళ్లు ఓర్చుకున్న మీ అందరికీ కృతజ్ఞతలతో, ఇక నాకు సెలవిప్పించండి.