టేపు చుట్టిన వైరు

షెడ్డులో పాత వ్యాను బానెట్ ఎత్తి ఉంది. తమ్ముడు వైర్లు ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడు. ఆ బండిని అతనికి అమ్మిన అన్న పక్కనే నిలబడ్డాడు.

“గతుకు వస్తే చాలు, రెండు లైట్లూ ఆరిపోతున్నాయి అన్నయ్యా. మళ్లీ వాటంతటవే వెలుగుతున్నాయి.”

“బల్బులు మార్చి చూడరా.”

“మార్చాను. ఇదిగో, ఈ వైరు ఎప్పుడో కాలింది. కనబడకుండా టేపు చుట్టారు.”

“పాత బండి కదరా.”

“నువ్వు తప్ప దీన్ని ఇంకెవరు నడిపారు?”

అన్న బానెట్ మీది దుమ్ము తుడవసాగాడు.

“నిన్న మలుపులో ఆరిపోయాయి. మా ఆవిడా, పిల్లలూ లోపలే ఉన్నారు.”

“చెబితే నువ్వు కొనవని...”

“చీకటి పడితే వదిన మీ పిల్లల్ని నా బండి ఎక్కనివ్వనిది అందుకేనా? వాళ్లకు కడుపులో తిప్పుతుందనేది.”

అన్న తల దించుకున్నాడు.

“అయితే మీ ఇంట్లో అందరికీ తెలుసన్నమాట.”