తలుపులోకి వెళ్లినామె

పగటి ఆట. రెండువందల కుర్చీల హాల్లో తొమ్మిదిమంది. వెనక వరసలో ఒక ముసలాయన, పక్కన ఆయన కూతురు. వాళ్ల ముందు వరసలో ఒక గడ్డం మనిషి. తెర మీద ఎడారి.

"ఇంకా ఎంతసేపు నాన్నా?"

"వస్తుంది."

"గంట నుంచీ వస్తుంది, వస్తుంది అంటున్నావు. ఇంతవరకూ గుర్రాలకి చెప్పులు తొడగడం తప్ప ఏం జరిగింది?"

"చెప్పులు కావు, బూట్లు. నాలుగు గుర్రాలకి పదహారు బూట్లు. కుట్టినవాడు రెండోరోజే చెప్పకుండా పారిపోయాడు."

"ఎందుకు తొడిగారట?"

"ఎవరో అడిగితే, 'గుర్రాన్ని అడుగు' అన్నాడట డైరెక్టరు."

"బాగుంది. మరి ఈ తుపాకీ ఆయన? వీపు మీద తలుపెందుకు మోస్తున్నాడు?"

"ఊరు దొరికితే బిగిద్దామని."

"ఊరేదీ?"

"గాలికి ఎగిరిపోయింది. సెట్టు వేసిన మూడోనాటికి ఒక దుమారం లేచింది, మొత్తం లేపుకుపోయింది. మిగిలింది ఆ తలుపొక్కటే. ఇక చేసేదేముంది, డైరెక్టరు దాన్నే కథ చేసుకున్నాడు."

"ఏవండీ, కాస్త మెల్లగా. ఇప్పుడొచ్చేదే అసలు ఘట్టం."

"సారీ అండీ."

"మొదటిసారా మీరు చూడటం?"

"నాకు మొదటిసారి. మా నాన్న మాత్రం దీనికి..."

"నాకూ మొదటిసారే బాబూ. మీరు చూడండి."

"అదేంటి నాన్నా! నువ్వు పనిచేసిన సినిమా నువ్వు చూడలేదా?"

"పనిచేసినవాడు చూసితీరాలని ఎక్కడుంది? నేను చూసింది ఫిల్ము అంచున నంబర్లు. బొమ్మతో నాకేం పని?"

"నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా?"

"తెర చూడు. తలుపు దించాడు."

"ఇసుకలో పాతుతున్నాడు. ఒట్టి తలుపు. గోడ లేదు, గొడవ లేదు... ఎవరో వస్తున్నారు. పసుపు గౌను."

"ఊఁ."

"అమ్మా?"

"ఊఁ. ఆ గౌను తనే కుట్టింది. ఆ కంపెనీకి బట్టలు కుట్టేది కదా. అసలు వేసుకోవాల్సినామె అలిగి రాలేదు. కొలత చూపిద్దామని మీ అమ్మ వేసుకునొస్తే, 'ఇంకెవరూ వద్దు, నువ్వే నడువు' అన్నాడు డైరెక్టరు."

"వీపే కనిపిస్తోంది."

"నడక చూడు. ఎడంకాలు కాస్త విసిరేస్తుంది. నీదీ అంతే."

"నాకు కాళ్లెందుకు నాన్నా? ఇటు తిరగదా?"

"గౌను అంచు చూడు, అంత గాలిలోనూ..."

"తలుపు తీసింది. లోపలికి వెళ్లింది. వేసేసింది. నాన్నా, తలుపు వెనక ఏమీ లేదు. ఇసుకే. అమ్మేదీ?"

"వెళ్లిపోయింది."

"మళ్లీ వస్తుందా?"

"లేద్దామా తల్లీ? మోకాళ్లు పట్టేశాయి."

"పద్నాలుగు గంటలు రైల్లో కూర్చొని వచ్చాను. నీ మోకాళ్లు ఇంకో అరగంట ఓర్చుకుంటాయిలే. ఏవండీ, ఆ పసుపు గౌనామె మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"రాదు."

"రాదా?"

"రాదండీ! అదే కదా ఈ సినిమాకి ప్రాణం! వెళ్తుంది, అంతే. ఏడుపు లేదు, సంగీతం లేదు. మనిషి పోవడాన్ని ఇంత చప్పుడు లేకుండా చూపించినవాడు ఇంకొకడు పుట్టలేదు. నేను పద్దెనిమిదిసార్లు చూశాను. తలుపు మూసుకోగానే పడే ఆ ఒక్క కత్తెర మీద నూటపాతిక పేజీలు రాశాను."

"ఆమె మా అమ్మ."

"ఏంటీ? నిజంగానా? ఆమె ఎవరో ఎవరికీ తెలియదండీ, పేర్లలో కూడా లేదు! ఇప్పుడెక్కడున్నారు?"

"పోయింది. నాకు పదకొండు నెలలప్పుడు."

"అయ్యో. క్షమించండి. నేనేదో నోటికొచ్చింది..."

"ఫర్వాలేదండీ. నాకేం అనిపించట్లేదు. ఏడుపొస్తుందనుకుని రెండు రుమాళ్లు తెచ్చుకున్నా. పొడిగానే ఉన్నాయి. మీరు చూసుకోండి."

"తల్లీ..."

"నీ మీద కోపం లేదు నాన్నా. మొహం కనిపిస్తుందని నువ్వేం చెప్పలేదు. నేనే ఊహించుకున్నా. ఈ సినిమా నెగిటివు దొరికింది, కడిగి బాగుచేసి మళ్లీ వేస్తున్నారని నేను చెప్పిన దగ్గర్నుంచీ నువ్వు మాట దాటేస్తూనే ఉన్నావు. మోకాళ్లన్నావు, షుగరన్నావు, వాన పడేలా ఉందన్నావు. నాకే అర్థం కాలేదు."

"ఇంట్లో ఫోటో ఉంది కదా."

"ఒక్కటే కదా ఉంది. అందులో సరిగ్గా అప్పుడే రెప్ప వేసింది. నాకు నలభయ్యొకటి వచ్చాయి నాన్నా. మా అమ్మ కళ్లు తెరిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. పోనీలే. నీళ్ల సీసా ఇటివ్వు."

"తీశారు."

"ఏంటి?"

"బయటికి రావడం కూడా తీశారు. నేరుగా కెమెరా వైపే వస్తుంది. మొహం నిండా ఎండ."

"ఏమన్నారు? అలాంటి షాటే లేదు!"

"మీరు అటు చూడండి బాబూ. గుర్రాలు ఇప్పుడు పాట పాడతాయి."

"ఏమైంది నాన్నా ఆ షాటు?"

"పోయింది."

"ఎలా పోయింది?"

"ఎడిటరు గారు ఉత్త ప్రింటు మీద కోసి అతికించుకునేవారు. దాని అంచున ఉన్న నంబరు చూసి అసలు నెగిటివు కోయడం నా పని. అక్కడ కత్తెర పడిందంటే పడినట్టే. నంబరు తప్పు చూశాను."

"నువ్వు?"

"మనిషన్నాక..."

"డైరెక్టరు ఊరుకున్నాడా?"

"మొదటి ప్రింటు వేసుకుని చూశాడు. నేను బయట వరండాలో నిలబడ్డాను, ఉద్యోగం ఊడిందనే అనుకుంటూ. తలుపు తోసుకుని వచ్చి భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. 'ఇది నాకెందుకు తట్టలేదురా' అన్నాడు. మర్నాటికి తనకే తట్టింది. పేపరువాళ్లకి అలాగే చెప్పుకున్నాడు."

"అంటే ఇది తప్పు కత్తెరా? నా నూటపాతిక పేజీలు..."

"మీరు బాగానే రాసుంటారండీ. నాన్నా, కోసేసిన ముక్క ఏమైంది?"

"వ్యర్థం ముక్కలన్నీ గోతాల్లో కట్టి పంపేసేవాళ్లు. కాల్చి, అందులోంచి వెండి తీస్తారు."

"ఎంతుంటుంది ఆ ముక్క?"

"ఎంత, పద్నాలుగు సెకన్లు. దాని మీద ఇంకో ఎనిమిది ఫ్రేములు. ఏంటి, అలా చూస్తావు?"

"నంబరు తప్పు చూసినవాడికి ఎనిమిది ఫ్రేములు గుర్తున్నాయా నాన్నా?"

"గుర్తుంటాయి. పని కదా."

"నిన్న మాత్ర వేసుకున్నావో లేదో నన్నడిగావు. కావాలనే కోశావు."

"గొంతు తగ్గించు. ఆయన వింటున్నాడు."

"విననీ. నాకు మిగిలిన మొహం అదొక్కటే నాన్నా. నాకోసమన్నా ఉంచాలనిపించలేదా?"

"నీకప్పటికి నడక కూడా రాలేదు. నువ్వు అడిగే రోజొకటి వస్తుందని నాకు తోచలేదు. అప్పుడు నాకేదీ తోచలేదు. పొద్దున లేచేవాణ్ని, పోయి కోసేవాణ్ని, వచ్చి పడుకునేవాణ్ని. అంతే."

"మరి అన్ని షాట్లలో అదొక్కటే ఎందుకు కోశావు? చెప్పు నాన్నా. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్తావు?"

"తలుపు తీసుకుని వస్తుంది. నాలుగడుగులు వేస్తుంది. నోరు కాస్త పక్కకి పెట్టి నవ్వబోతుంది. అప్పుడు తుపాకీతో కాల్చేస్తారమ్మా. మీ అమ్మని మట్టి చేసి వచ్చి మూడు వారాలు కాలేదు, ఆ రీలు నా బల్ల మీదికొచ్చింది. ఒకసారి పోయింది చాలదా, మళ్లీ చావడమెందుకని... ఆ తలుపు లోపలే ఉంచేశాను."