కంట్లో పువ్వు

విన్నది విన్నట్టు చెప్పడంలో తాండూరు తాలూకాలో నన్ను మించినవాడు లేడు. ఒక్క మాట కూడా కలపను. అది 1957. స్టేషను పక్క ఫొటో దుకాణం అరుగు మీద కూర్చున్నాను. లోపల ఫొటోగ్రాఫరు, బషీరాబాద్ నుంచి వచ్చిన ఓ గొర్రెలకాపరి భార్య మాట్లాడుకుంటున్నారు.

"చూస్కో అవ్వా. పాణం పోయినంక మీ ఆయనను గోడకు ఆనిచ్చి తీసిన ఫొటో అంటే ఎవలన్న నమ్ముతరా? మూసిన కండ్ల మీద తెరిచిన కండ్లు నేనే గీసిన."

"మంచిగున్నయి కొడుకా. మా ఆయనకు ఎడమ కంట్ల పువ్వు ఉండేదని నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. పువ్వు నేను గీయలే."

"మరి గీ తెల్లమచ్చ?"

"గదే నా పరేషాన్. పట్నం పత్రికల బొమ్మలు పేర్చే సారు గీ ఫొటో చూసి, మచ్చ తీసేస్తే పత్రిక అట్ట మీద ఏస్తనన్నడు. నల్లరంగు పూస్తే ఆరంగనే మళ్ల తేలుతున్నది. ఇంకోపారి పూస్త, జర ఆగు."

"వద్దు. ఆయన మొకం నాకు మిగిలింది గిదొక్కటే. పువ్వు పోతే వేరేటోడైతడు."

"అట్ట మీదొస్తే నా పేరు దేశమంత తెలుస్తదే అవ్వా!"

"నాకెందుకు చెప్తవు, ఆయనకే చెప్పు. నేనొచ్చినప్పుడు తలుపు దిక్కు చూస్తుండె. ఇప్పుడు నిన్నే చూస్తుండు."

ఒక్క మాట కూడా కలపనన్నానా? ఆ చివరి మాట నాదే. నిజానికి ఆమె ఫొటోను అతని వైపు తిప్పి పట్టుకుంది, అంతే. అతను కుంచె కింద పెట్టి, ఆ చూపు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

పువ్వు మాత్రం నేను పెట్టింది కాదు.