ఉత్తరం వెనక లెక్క

రాజమండ్రి కాలేజీలో ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసం ముగిసింది. వేదిక మీద ప్రొఫెసరుగారికి సన్మానం జరుగుతోంది. ఆఖరి వరుసలో కొత్త దంపతులు గుసగుసలాడుకుంటున్నారు.

"ఈ ఉపన్యాసానికి పెళ్లి పట్టుచీరా?"

"ఈ ప్రొఫెసరుగారు నా నోటుబుక్కు తీసుకుని, నా పేరు లేకుండా పరిశోధన పేపరు వేసుకున్నారండీ. ఆయన పరువు పోయేరోజు పాత చీర కట్టుకుంటానా?"

"పరువెందుకు పోతుంది?"

"దూరపు గెలాక్సీలో పెద్ద పెద్ద నక్షత్రగుంపులు దుమ్ము చాటున ఉంటాయి. రేడియో టెలిస్కోపులో అవి ఆకాశంలో ఎక్కడ కనబడ్డాయో నేను అంకెల్లో రాసుకున్నాను. ఆయన ఆ అంకెల ప్రకారమే ఆ గెలాక్సీ ఎక్స్‌రే పటం మీద గుర్తులు పెట్టారు. ఒక్కటీ కలవలేదు. ఆ గుంపుల నుంచి ఎక్స్‌రేలే రావని రాసేశారు."

"వస్తాయా?"

"శుభ్రంగా వస్తాయి. నా అంకెలు 1950 నాటి ఆకాశానివి, ఆ పటం 2000 నాటిది. భూమి ఇరుసు మెల్లగా ఊగుతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్థానాలు జరుగుతాయి, అంకెలు మార్చుకోవాలి. మారిస్తే అన్నీ కలుస్తాయి."

"ఆ సంగతి నోటుబుక్కులో రాయలేదా?"

"ఆఖరి పేజీలో రాశాను. ఆ పేజీ చింపి దాని వెనకే మీకు ఉత్తరం రాశాను, అది మీ జేబులోనే ఉంది. నిశ్చితార్థం అయ్యాక మీకు రాసిన మొదటి ఉత్తరం వెనక చూడండి."

"ఇవి మన జాతకాల లెక్కలనుకున్నానే."

"ఇటివ్వండి."

"శాలువా కప్పుతున్నారు. పాపం, ముందే చెబితే దిద్దుకునేవారు."

"పేరు ఒక్కరిదే వేసుకున్నారు కదండీ, తప్పు కూడా ఒక్కరే మొయ్యాలి. కప్పడం అయిపోయింది. కాస్త జరగండి, ప్రశ్న అడగడానికి చెయ్యెత్తాలి."