ఆర్నూట నలభై ఒక్క మార్కుల తెల్లకాగితం

అబ్బబ్బ, ఎన్ని మెట్లప్పా! మునిరత్నమ్మత్త ఇంత ఎత్తున ఇల్లు కట్టుకునింది నువ్వొచ్చి మిద్ది మింద దాంకోడానికేనా? పుంగనూరులో ఏడింటికి బస్సెక్కి, పలమనేరు దాకా నిలబడి, ఈ కుప్పానికొచ్చినా. "బాగుండావా అంబికా" అని ఒక్క మాట రాదా నోట్లోంచి?

సరే, మాట్లాడొద్దులే. పెద్దనాయన కొడుకువి, నాకంటే ఆర్నెల్లు పెద్దోడివి, నీ మర్యాద నీది. నేనే మాట్లాడతా.

ఎల్లుండే గదన్నా అనాటమీ సప్లిమెంటరీ? రేపు సాయంత్రం లోపల హాల్‌టికెట్ తీసుకోవాల. నువ్వేమో ఈడ అత్త చేతి సంగటి తింటాండావు. "డాక్టరు చదువు నాకొద్దు, ఇంక కాలేజీకి పోను" అని చెప్పి ఫోను ఆపేసినావంట. భానుప్రకాశ్ గారు ఒక్క సబ్జెక్టు తప్పితే లోకమే నిలిచిపోవాల!

అట్ల సూడొద్దన్నా. నవ్వొస్తాది.

మదనపల్లి కోచింగులో పురుషోత్తం సారు నీ మొహాన్ని ఫ్లెక్సీ మింద ఎంత పెద్దగా వేయించినాడు! బస్టాండు ముందర నీ ముక్కొకటే మా ఇంటి వాకిలంత ఉండె. డాక్టరు ఎంట్రన్సులో ఏడ్నూట ఇరవైకి ఆర్నూట నలభై ఒకటి! మరి నా నాన్నూట ఎనభై ఏడు? అడుగున, స్టాంపుల మాదిరి నలభై మొహాల్లో ఒకటి. సరిగ్గా నా మొహం కాడే బొక్కేసి తాడు కట్టినారు.

ఆఖరి రౌండు కౌన్సెలింగులో నాకూ నీ కాలేజీలోనే సీటొచ్చె గదా. అప్పుడు సారేమన్న్యాడు? "సీటైతే వచ్చిందమ్మా, ఈ మార్కులతో ఆడ నెగ్గుకొస్తావా? ఎంట్రన్సు మార్కు సూస్తే సాలు, ఐదేండ్ల చదువూ నా కండ్ల ముందర కనపడతాది" అన్న్యాడు. అంత దూరం కనపడే ఆయప్పకు కండ్లద్దాలు యాలనో!

నీ వైవా కనపడిందా ఆయప్పకు? మేడమ్ నీ చేతిలో ఎముక పెట్టి ఇదేందప్పా అనడిగితే, నువ్వేమన్న్యావు? "ఆప్షన్స్ చెప్పండి మేడమ్!" నేను తలుపు కాడ నిలబడుండా. చున్నీ నోట్లో కుక్కుకున్న్యా, నవ్వాపుకోలేక.

అది పోనీ. థియరీలో రెండు పెద్ద ప్రశ్నలు తెల్లగా వదిలేసొచ్చినావే, యాలన్నా అంటే? "నూటికి నూరు తెలీదు అంబికా. తప్పు రాస్తే మార్కులు కోసేస్తారేమో అనిపించె." ఒరే సామీ! ఈడ ఎవుడు కోస్తాడు? కోచింగులో రెండేండ్లు "డౌటుంటే వదిలెయ్, డౌటుంటే వదిలెయ్" అని నూరిపోసినారు గదా, పరీక్ష మారిపోయినా నీ చెయ్యి మారలేదు. నేనా? నాకు తెలిసిందే సగం. ఆ సగం రాసి, బొమ్మ గీసి, రంగులేసి, ఇంకా సోటు మిగిలితే ఇంకో బొమ్మ గీసొచ్చినా.

నవ్వినావు! సూసినాలే, దాచొద్దు.

ఇప్పుడు ఎగతాళి కాదు, ఇను. నువ్వొదిలేసిన దాంట్లో ఒకటి చంకలో నరాల అల్లిక. ఆ బ్రాకియల్ ప్లెక్సస్ నాకు నేర్పించిందెవురు? హాస్టలు మెట్ల మింద కూర్చోని, నా చున్నీ కొస పోగులు లాగి, ముడేసి, మళ్ళా విడదీసి, ఇది ఈడ కలుస్తాది, ఇది ఈడ చీలతాది అని సూపించిందెవురు? నేను ఆ పోగులు గుర్తు పెట్టుకొనే రాసినా. నాకు నేర్పించి నువ్వు తెల్లకాగితం ఇచ్చొచ్చినావు సూడు, దానికి నిన్ను కొట్టాల.

ఏందీ? ఇంట్లోనా?

మీ నాయన ఇంగా నమ్మలేదప్పా. "మా భాను తప్పేదేంది? పేపరు దిద్దినోడు నిద్రపోయుంటాడు, మళ్ళా లెక్కేయించాల" అని కనపడినోళ్ళకంతా చెప్తాండాడు.

నా సంగతా... నేనూ తప్పినానని చెప్పినా ఇంట్లో.

గుడ్లు తేలేయొద్దు. పాసేలే. క్లాసులో తొమ్మిదో నెంబరు. మరేం చేసేది? నువ్వు ఫోన్లో ఏడ్చినావు, పెద్దమ్మ అన్నం తినకుండా పడుకునింది, అదే వాకిట్లో నేను అందరికీ స్వీట్లు పంచాలనా? "నాదీ పాయె" అనేసినా. నువ్వు సప్లిమెంటరీ రాసినాక నిజం చెప్పేద్దాం, అంతవరకు మా నాయన గంగులప్ప ఎట్ల ఎగురుతాడో, ఎంత గొడవ చేస్తాడో సూద్దామనుకున్న్యా. అదో తమాషా నాకు.

ఎగరలేదన్నా.

సైకిలు తుడస్తా ఉన్న్యాడు. తుడస్తానే ఉన్న్యాడు. "ఆ ఎంట్రన్సు మార్కులకు అంతేలేమ్మా, నేననుకుంటానే ఉండా. బాధపడొద్దు" అన్న్యాడు. అమ్మేమో నా తలకు నూనె రాసింది.

పోనీలే. లెయ్, చొక్కా మార్చుకో, పదిన్నరకు బస్సుంది.

నేనట్ల చెప్పి నెలాయె. నా మార్కుల లిస్టు సూపించమని ఇంతవరకూ ఎవురూ అడగలేదు.