నల్ల కారుకు ఏ మందు?

"మస్తాన్‌బీ అవ్వా, కారు రుద్దేదానికి ఇన్ని డబ్బాలు ఎందుకు? ఒకటి చాలదా?"

ఒకటి చాలదా అని, పని నేర్చుకునేదానికి వచ్చిన నీ మాదిరే నేనూ అడిగినాను పాపా. ఈ షెడ్డులోనే, ఇదే స్టూలు మీద కూర్చోని. నాకేం తెలుసు? ఉదయగిరిలో పుట్టినాను, ఉదయగిరిలోనే నర్ది కొయ్యతో స్పూన్లు, ఫోర్కులు చెక్కతా ముసలిదాన్నయినాను. మా ఇంటాయన కొయ్య కోసేవాడు, నేను నునుపు తీసేదాన్ని. పేరు మాత్రం ఆయనదే. ఎవురొచ్చినా ఆయన పనితనం అనేవాళ్ళు. సరే, అది వేరే కథ. ఏం చెప్తా ఉండా... ఆఁ, డబ్బాలు.

మా పెద్దోడు ఖాజాది ఈ డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు, ఇప్పుడు నేను ఈడ ఆత్మకూరులో వాడి దగ్గరే. నా బిడ్డ షమీమ్ నెల్లూరులో పాలిష్ పని నేర్చుకోని వచ్చింది. ఆత్మకూరులో ఆడది కార్లు రుద్దేదేందని వాడికి నామోషీ. అయినా ఒక మూల ఇచ్చినాడు. ఇచ్చి, కొన్నాళ్ళకు ఏమన్నాడు తెలుసునా? ఉదయగిరి శెట్టిగారి నల్ల కారు వస్తా ఉండాది, అది చెడగొట్టినావంటే పాలిష్ మిషన్ మూటగట్టి అమ్మీతో కూర్చోని స్పూన్లు చెక్కుకో అన్నాడు. నా ముందరే. స్పూన్లు చెక్కేది శిక్ష అయినట్టు! ఆ స్పూన్లతో పెరిగిన కడుపు వాడిది.

కారు వచ్చింది. నీడలో చూస్తే బాగానే ఉండాది. షమీమ్ లైటు వేసింది. అమ్మో! సాలెగూడు పాపా. బండంతా సన్న సన్న గీతలు, చుట్టలు చుట్టలుగా. డ్రైవర్ దుమ్ముగుడ్డతో తుడిచి తుడిచి చేసిన నిర్వాకం అది. శెట్టి దిగి, అటూ ఇటూ చూసి, "ఏమ్మా, మగోళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు.

"ఉండారు సార్. గీతలు వాళ్ళు పెట్టినవే. తీసేదానికి నేను."

శెట్టి తాళాలు దాని చేతిలో పెట్టి బస్సెక్కినాడు. నేను నవ్వు ఆపుకోలేక పైట అడ్డం పెట్టుకున్నాను.

నవ్వినాను గానీ లోపల భయమే. ఊరుకోలేక, ముందు గరుకు పాలిష్ మందు వెయ్యమ్మే, తర్వాత నున్నది వేద్దువు అన్నాను. కొయ్య పని అంతే కదా. ఆకురాయి, గరుకు కాగితం, ఆ తర్వాతే నున్న కాగితం. ఈ పిల్ల తల అడ్డంగా ఊపింది. "కాదమ్మీ, దీనికి తిరగమరగ. ముందు అన్నిటికన్నా మెత్తటి మందు. దానికి పోకపోతేనే గట్టిది."

ఎందుకు అంటే, కొయ్య గీస్తే కింద కొయ్యే ఉంటాది. దీనికి రంగు మీద ఒక నీళ్ళలాంటి పొర ఉండాదంట. ఉల్లిపాయ రేకుల నడాన తెర చూసినావా, అంత కూడా ఉండదంట. ఆ పొరలోనే గీతలు. రుద్దినకొద్దీ ఆ పొరే తరిగేది. పోయిందంటే మళ్ళా పెరగదు. అంత పల్చటిదాన్ని ఎండలో వానలో వేసుకోని తిరుగుతా ఉండారే మనుషులు అని నాకు ఒళ్ళు జలదరించింది.

బానెట్ మీద టేపు అంటించి జానెడు చోటు కట్టింది. మెత్తటి మందు వేసి మిషన్ తిప్పింది. గీతలు పోలేదు. పక్కనే గట్టి మందు వేసింది. గీతలు పోయినాయి గానీ, అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసక. ఖాజా దూరం నుంచి, "గీతలు పోయినాయి కదా, అదే కొట్టెయ్, మధ్యాన్నానికి అయిపోతాది" అని అరిచినాడు. షమీమ్ ఆ డబ్బా పక్కకు నెట్టింది. నడిమి మందు తీసి, కాస్త గట్టి ప్యాడ్ మార్చి తిప్పింది. అప్పుడు కూడా నమ్మలా చూడు! మందులో నూనె గీతల్ని దాచిపెడతాదని స్పిరిట్ నీళ్ళతో తుడిచి, లైటు పెట్టి మళ్ళా చూసింది. లేవు. నిజంగానే లేవు.

ఏం చెప్పేది పాపా. ఆ జానెడు చోట నలుపు లోతు అయిపోయింది. మిట్టమధ్యాన్నం బావిలోకి తొంగిచూసినట్టు. కరెంటు తీగ, దాని మీద కాకి, కాకి కదిలించే తోక. చుట్టూ సాలెగూడు, నడాన ఆకాశం. ఇన్నేళ్ళు నునుపు చేసినదాన్ని, ఇనుము మీద ఆకాశం పుట్టేది నేను చూడలా.

పొద్దుగూకేలోగా బండంతా అట్ట అయింది. ఒక్క గీత మిగిలింది. వెనక డోరు మీద, లోతు గీత. షమీమ్ పొర మందం చెప్పే చిన్న మీటరు పెట్టి చూసింది. అక్కడ ఎవురో అంతకుముందే రుద్ది పొరను పల్చన చేసినారు. మిషన్ కింద పెట్టేసింది.

ఖాజా వచ్చి గట్టి మందు డబ్బా చేతికి తీసుకున్నాడు. "సగం పని అంటాడు శెట్టి. నా షెడ్డు పేరు పోతాది. జరుగు."

ఇది డోరుకు అడ్డం నిలబడింది. "భయ్యా, నువ్వు రుద్దితే రంగే లేచిపోతాది. ఇట్ట ఉంటే గీత ఒక్కటే ఉంటాది. తిట్లు నేను తింటాలే."

మిషన్ మూట కట్టినట్టే అనుకున్నాను.

శెట్టి వచ్చినాడు. ఈ పిల్ల మెరుపు చూపియ్యలా, నేరుగా ఆ గీత దగ్గరికే పిలుచుకోని పోయింది. "సార్, ఇది తీయలేదు. తీస్తే మీ డోరు పోతాది." ఆయన గోటితో గీత తడిమినాడు. మెల్లంగా బండి చుట్టూ నడిచినాడు. బానెట్ ముందర నిలబడి, తన ముఖం తనే చూసుకోని, ఎందుకో చొక్కా సర్దుకున్నాడు. "ఇది నా బండేనా?" అన్నాడు గొంతు తగ్గించి. ఆ గీత సంగతి మళ్ళా ఎత్తలా.

ఖాజా ఆ సాయంత్రం గట్టి మందు డబ్బాకు మూత పెట్టి ఇంటికి పోయినాడు. తెల్లారి నేను వచ్చేసరికి నిచ్చెన ఎక్కి, తన రాపిడి పనికీ ఈ మూలకీ నడాన టార్పాలిన్ పట్ట కడతా ఉండాడు. ఏందిరా అంటే, "నా దుమ్ము దాని పని మీద పడతాది కదమ్మీ" అన్నాడు. దాని పని అన్నాడు! నేను గుడ్లప్పగించి చూస్తా ఉంటే, "తాడు అందియ్ అమ్మీ, ఏం చూస్తావు" అని విసుక్కున్నాడు.

అదిగో, ఆ పట్టే. మా ఇంటాయన కూడా ఒక్కసారి "దాని పని" అని ఉంటే... ఏమోలే.

నువ్వు చల్లగా ఉండు తల్లీ. నీ చెయ్యి ఎక్కడ ఆపాలో నీకే తెలియాల. ఎవురో ఆపమంటే మాత్రం ఆపబాక.