సిరా కలిపిన నీళ్ళు

విమానాశ్రయం వెనకాల సరుకుల షెడ్డు. పార్సిళ్ళు తీసుకునే కౌంటరుకి అవతల బావమరిది, ఇవతల లాబ్ స్టోర్‌లో పార్సిళ్ళు కట్టే బావ, ఇద్దరి మధ్యా చెప్పుల డబ్బా అంత అట్టపెట్టె.

"తీసుకోను బావా. చెప్పానుగా, తీసుకోను."

"ఎందుకు తీసుకోవు? ఏం తక్కువైంది దానికి? సీసాకి ముప్పై మిల్లీలీటర్లు మించలేదు. సీసా చుట్టూ దూది, దూది చుట్టూ సంచి, సంచి చుట్టూ డబ్బా, డబ్బా చుట్టూ పెట్టె. లోపల ప్రమాదకరమైనదుందని తెలిసేలా చారల అంచు చీటీ అంటించా. ఇంకేం చెయ్యమంటావు, జోలపాట పాడమంటావా?"

"చీటీ గురించి కాదు నేనడిగింది. పెట్టెని పడేసి చూశారా అనడిగితే నీళ్ళు నములుతున్నావు."

"నమలడమేంటి? పడేశాం. కొత్తరకం సీసాలు వచ్చాయి కాబట్టి పొద్దున మళ్ళీ పడేశాం. ఆరడుగుల ఎత్తు నుంచి. అడుగు మీద, మూత మీద, పక్కల మీద, ఆఖర్న మూల మీద."

"ఈ పెట్టెనేనా?"

"దీన్ని పడేస్తానా? లోపల యాసిడ్ పెట్టుకుని? పిచ్చా నాకు? దీని జత పెట్టెని పడేశా. అందులో ఉండేది నీళ్ళ సీసాలు. పడేసింది పంపకూడదు, పంపేది పడెయ్యకూడదు. నాకే పాఠాలు చెప్తున్నావే!"

"నీళ్ళంటే ఉత్త నీళ్ళేనా?"

"సిరా కలిపిన నీళ్ళు. చుక్క కారినా నీలంగా కనపడాలి కదా. మీ అక్కే కలుపుతుంది."

"మరి కారిందా?"

"ఏంటి?"

"పడేసినప్పుడు కారిందా బావా?"

"విమానం ఎన్నింటికి?"

"విమానం సంగతి నేను చూసుకుంటా. కారిందా, లేదా?"

"అబ్బా... కాస్త. పెద్దగా కాదు. దూది తడిసింది, సంచి చిరిగింది. అది పెట్టె తప్పు కాదురా. మూత సరిగ్గా బిగించకపోతే ఏ సీసా అయినా కారుతుంది."

"ఎవరు బిగించారు?"

"ఇంకెవరు? నీళ్ళ సీసాలు నింపడం, బిగించడం, సర్దడం అన్నీ మీ అక్కే. యాసిడ్ సీసాలు మాత్రం నేను ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఇందులోవి నా చేత్తో బిగించినవి. నా మూత కారితే నన్నడుగు."

"నిన్నడగడానికి కాదు నేనిక్కడ కూర్చుంది. విమానం నిండా మనుషులుంటారు. వాళ్ళు కూర్చునేది దీని నెత్తిమీదే. కారితే కిటికీ తీసి బయట పారెయ్యడానికి అదేమన్నా బస్సా?"

"ఒరే, నా మాట విను. ఇప్పటికే రెండుసార్లు వెనక్కొచ్చింది. ఇవాళ కూడా వస్తే పార్సిళ్ళ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు మా పెద్దసారు. మొగుడూపెళ్ళాలం ఇద్దరం ఆ స్టోర్‌నే నమ్ముకున్నాం. ఇద్దరం రోడ్డున పడతాం. నా మొహం చూడకపోతే మానె, మీ అక్క మొహమన్నా చూడు."

"అక్కని మధ్యలోకి లాగకు. ఫోను మోగుతోంది నీది."

"మోగనీ. మీ అక్కే."

"ఎత్తొచ్చుగా?"

"ఎత్తితే మళ్ళీ అదే పాట. వేళ్ళు నొప్పి, వేళ్ళు నొప్పి. గోళ్ళకింద సూదులు దింపుతున్నట్టుందట. నాకు తెలీదూ? పొద్దున తిట్టానని అలక."

"ఎందుకు తిట్టావు?"

"తిట్టక ముద్దుపెట్టుకుంటానా? సిరా వెయ్యడం మరిచిపోయింది మహాతల్లి. పెట్టె విప్పి చూస్తే కారిందానికి రంగే లేదు. సిరా వేశావా అంటే వేశానంటుంది. కళ్ళముందు తెల్లగా కారుతుంటే వేశానంటుంది! వేశాను మొర్రో అని ఒకటే ఏడుపు. నాకు ఒళ్ళు మండిపోయింది."

"అక్క వేశానంటే వేసినట్టే బావా. దానికి అబద్ధం చెప్పడం చేతకాదు. నువ్వు దాన్ని పెళ్ళి చేసుకున్నదే అందుకని మా అమ్మ అనేది."

"మీ ఇంటిపిల్లని మీరు వెనకేసుకొస్తారు, తప్పేముంది. నేను మాత్రం నువ్వే కార్చావు, నువ్వే తుడువన్నా. తుడిచింది. దూది కూడా పిండి ఆరేసింది. అంతటితో అయిపోయింది. ఇప్పుడిది తీసుకుంటావా, తీసుకోవా?"

"ఒక పని చెయ్యి. వెనక వాకిట్లోకి తీసుకురా. నువ్వే విప్పి నా ముందు చూపించు. దూది పొడిగా ఉండి, మూతలు గట్టిగా ఉంటే మళ్ళీ కట్టేసి ఇవ్వు, పంపిస్తా. బావవి కాబట్టి ఈమాత్రం. అంతకుమించి నావల్ల కాదు."

"చాలు, చాలు. పద."

"చేతికి తొడుగులున్నాయా?"

"ఎప్పుడూ జేబులోనే ఉంటాయి. ఆటలా? ఇది గాజుని తినేసే యాసిడ్. అందుకే ప్లాస్టిక్ సీసాలు. పల్చగా కలిపిందే కదా అనుకుంటే కొంప మునుగుతుంది. ఒంటిమీద పడ్డా అప్పటికప్పుడు ఏమీ తెలీదు, నీళ్ళు పడ్డట్టే ఉంటుంది. మెల్లగా లోపలికి దిగి, పూట గడిచాక ఎముకల్లో మొదలవుతుంది. నువ్వు కాస్త దూరంగా నిలబడు."

షెడ్డు వెనక, గాలాడే చోట. పెట్టె నేలమీద, మూత పక్కన.

"ఇదిగో, డబ్బా చూడు, పొడి. సంచి చూడు, పొడి. దూది... దూదీ పొడే. చుక్క లేదు. నేను చెప్పానా? ఇదీ నా చేత్తో బిగించిన మూతంటే."

"సీసా పైకెత్తు."

"ఎత్తి?"

"వెలుతుర్లోకి ఎత్తు బావా. యాసిడ్ ఏ రంగుంటుంది?"

"రంగేముంటుంది, నీళ్ళలాగే ఉంటుంది."

"మరి ఇది నీలంగా ఉందేం?"

"నీలమేంటి? ప్లాస్టిక్ రంగేమో అది."

"ప్లాస్టిక్ తెల్లగా ఉంది. రెండో సీసా ఎత్తు."

"ఇదీ నీలమే."

"పెట్టెలు మారాయా?"

"మారవు. మారడానికి లేదు. నీళ్ళ పెట్టె బల్లకి కుడివైపు, యాసిడ్ పెట్టె ఎడమవైపు. చీటీ ఆఖర్న అంటిస్తా. ఎప్పుడూ అంతే. ఎవరూ ముట్టుకోరు. ఎవరూ కదపరు... బల్ల తిప్పాను."

"ఏంటీ?"

"పొద్దున్నే, పడేసి చూడకముందు. తూకం యంత్రానికి వైరు అందట్లేదని బల్లని అటుది ఇటు తిప్పాను."

"పెట్టెలు దానిమీద ఉండగానేనా?"

"ఉండగానే."

"అంటే నువ్వు పడేసింది..."

"అనకు."

"అక్క సిరా వేసింది బావా. ఇదిగో సిరా. ఇవి అక్క బిగించిన మూతలు, చుక్క కారలేదు. కారింది నువ్వు బిగించినవి."

"అనకురా!"

"తుడిచేటప్పుడు తొడుగులు వేసుకుందా?"

"అడిగింది."

"ఏమడిగింది?"

"తొడుగులు అడిగింది. నీళ్ళకి తొడుగులెందుకు, దండగ అన్నా."

"దూది పిండిందన్నావు. ఒట్టి చేత్తోనేనా?"

"రెండు చేతులతోనూ."

"దీనికి మందుందా? బావా, నావైపు చూడు! మందుందా?"

"ఉంది. పూతమందు, ట్యూబు. స్టోర్‌లో అద్దాల అలమారాలో. అది పూసి వెంటనే ఆస్పత్రికి..."

"అయితే తీసుకోమందాం."

"తాళంచెవి నా జేబులో ఉంది."

"అద్దం పగలగొడుతుంది. ఆ ఫోనిలా తే. ఇద్దరికీ వినపడేట్టు పెట్టా, ఉండు. అక్కా! అక్కా, నేను."

"నువ్వా తమ్ముడూ? మీ బావ ఫోన్లో నువ్వేంట్రా? పార్సిలు తీసుకున్నావా లేదా? తీసుకోరా, పొద్దుటి నుంచీ ఆయన పచ్చిమంచినీళ్ళన్నా తాగలేదు."

"చెయ్యెలా ఉందక్కా?"

"చెప్పారా ఆయన? రెండు చేతులూ తెల్లగా పాలిపోయి వాచాయి. చన్నీళ్ళ బకెట్లో పెట్టుకు కూర్చున్నా. ఇప్పుడు పెదాలు కూడా తిమ్మిరెక్కుతున్నాయేంట్రా?"

"దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. సార్లంతా పై అంతస్తులో మీటింగ్‌లో ఉన్నారు."

"చెప్పేది జాగ్రత్తగా విను. అది నీళ్ళు కాదు, యాసిడ్. అద్దాల అలమారా పగలగొట్టు. లోపల ట్యూబుంది, చేతులకి బాగా పట్టించు. గట్టిగా కేకలెయ్యి, ఎవరో ఒకరొస్తారు. నేను అంబులెన్సు పంపిస్తున్నా."

"యాసిడా? నీళ్ళేనన్నారే మీ బావ! అద్దం పగలగొడితే ఊరుకుంటారా ఆయన? పొద్దున ఎంత గొడవైందో నీకు తెలీదు."

"ఏమీ అనడక్కా. పగలగొట్టు!"

"వేళ్ళు ముడుచుకోవట్లేదురా."

"కాలితో తన్ను. కుర్చీ తొయ్యి. ఏదో ఒకటి చెయ్యి అక్కా!"

"ఆయన పక్కనే ఉన్నారా?"

"ఉన్నాడు, వింటున్నాడు. బావా, మాట్లాడు. మాట్లాడు బావా!"

"నే... నేనూ..."

"ఇంకా కోపం తగ్గినట్టు లేదు. సరేలే తమ్ముడూ, నువ్వే చెప్పు. ఆయన అన్నదే నిజం, సిరా నేను వెయ్యలేదు, మరిచిపోయాను. ఒప్పుకున్నానని చెప్పి, ఆ అద్దం పగలగొట్టుకోమంటారేమో అడుగు."